ఈసీఎం పోయిందన్నారా? కొత్తదా, మరమ్మతా, పాతదా అని తేల్చుకునే ముందు

"ఈసీఎం పోయిందండీ, మార్చాలి." సెల్ఫ్ తిరుగుతున్నా కారు స్టార్ట్ కాని రోజున గ్యారేజీలో ఈ మాట వింటే గుండె జారిపోతుంది. గేర్‌బాక్సు పోతే శబ్దం వస్తుంది, రేడియేటరు కారుతుంటే నేల మీద తడి కనిపిస్తుంది. ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, మాత్రం మూత బిగించిన అల్యూమినియం పెట్టె. లోపల ఏం జరిగిందో యజమానికి కనిపించదు, చాలాసార్లు ఆ మాట అన్న మెకానిక్‌కూ కనిపించదు. అందుకే ఈ ఒక్క భాగం విషయంలో అనుమానాన్నే నిర్ధారణగా తీసుకుని వేలకు వేలు పోసినవాళ్లను నేను చాలామందిని చూశాను.

మా బావగారి డీజిల్ కారుకు రెండేళ్ల తేడాలో ఈ మాట రెండుసార్లు విన్నాం. మొదటిసారి అది తప్పు, రెండోసారి నిజం. ఆ రెండు అనుభవాలతో పాటు, తర్వాత బంధువుల బండ్ల కోసం తిరిగినప్పుడు నేర్చుకున్నవి కూడా కలిపి రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: కొత్త పెట్టె ధర ఎంత, పాత పెట్టె ధర ఎంత అన్న లెక్కతో ఈ ఎంపికను మొదలుపెట్టకూడదు. మీ పాత ఈసీఎంలోని సమాచారాన్ని ఇంకా చదవగలమా, లేదా? మొదటి ప్రశ్న ఇదే. ఏ దారి చవక, ఏ దారి క్షేమం అన్నది ఆ జవాబును బట్టే తేలుతుంది.

ఎందుకంటే ఆ పెట్టెలో రెండు వేర్వేరు వస్తువులు ఉన్నట్టు లెక్క. ఒకటి బోర్డు: ప్రాసెసర్, కెపాసిటర్లు, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లనూ, నిప్పురవ్వ పుట్టించే కాయిళ్లనూ నడిపే డ్రైవర్ చిప్పులు. రెండోది జ్ఞాపకం: ఇంజిన్‌ను నడిపే ప్రోగ్రాము, దానితో పాటు మీ ఒక్క బండికే చెందిన వివరాలు. ఛాసిస్ నంబరు, తాళంచెవిలోని చిప్పుతో కుదిరిన రహస్య సంకేతం, డీజిల్ అయితే ఒక్కో ఇంజెక్టర్ కోడు, ఇన్నేళ్లుగా ఇంజిన్ తీరును గమనించి అది నేర్చుకున్న విలువలు. బోర్డు బజారులో దొరుకుతుంది. మీ బండి జ్ఞాపకం ఏ అంగడిలోనూ దొరకదు. కొన్ని కంపెనీలు దీన్ని ఈసీయూ అంటాయి, గేర్‌బాక్సును కూడా అదే నడిపితే పీసీఎం అంటాయి. నేను ఈసీఎం అనే రాస్తాను.

ముందు వైర్లు, ఆ తర్వాతే పెట్టె

మొదటిసారి జరిగింది ఇది. వానాకాలంలో ఒక పొద్దున కారు స్టార్ట్ కాలేదు. బండిలోని కంప్యూటర్లతో మాట్లాడి లోపాల కోడ్లు చదివే స్కానర్ పెడితే ఇంజిన్ కంప్యూటర్ పలకలేదు. సర్వీసు కేంద్రంలో అరగంటలో ఈసీఎం మార్చాలని అంచనా రాసిచ్చారు. బావగారు ఒప్పుకోబోతుంటే, ఒక్కరోజు ఆగమని కారును విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ముప్పై ఏళ్లుగా ఆటో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్న మనిషి. ఆయన స్కానర్ ముట్టుకోలేదు. ఇండికేటర్‌లో వేసే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు టంకం పెట్టి దగ్గర ఉంచుకున్నారు. ఈసీఎం కప్లర్ (వైర్లన్నీ పెట్టెకు తగిలే ప్లగ్గు) ఊడదీసి, కరెంటు వచ్చే పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య ఆ బల్బు పెట్టారు. వెలిగీ వెలగనట్టు ఎర్రగా మినుకుమంది. మీటరు పెడితే మాత్రం 12.4 వోల్టులు చూపించింది. బ్యాటరీ ట్రే కింద ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది బిగించాక బల్బు తెల్లగా వెలిగింది, కారు మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. ఆయన తీసుకున్నది నాలుగు వందలు.

మీటరు ఎందుకు మోసపోయిందో తెలుసుకుంటే మీ బండికీ పనికొస్తుంది. మీటరు దాదాపు కరెంటే లాగదు. వైరులో పది పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా, తుప్పు మీదుగా కాస్త కరెంటు పారినా, దానికి పూర్తి వోల్టేజి కనిపిస్తుంది. 21 వాట్ల బల్బు సుమారు ఒకటిన్నర నుంచి రెండు ఆంపియర్లు లాగుతుంది కాబట్టి బలహీనమైన వైరు అక్కడే బయటపడుతుంది. ఈసీఎంకు వచ్చే ప్రతి కరెంటు పిన్నునూ, ప్రతి ఎర్త్ పిన్నునూ ఇలా బరువు పెట్టి చూడకుండా పెట్టె పోయిందని చెప్పే ఎవరి మాటా నమ్మవద్దు. ఒక జాగ్రత్త: బల్బు పరీక్ష కరెంటు, ఎర్త్ పిన్నులకు మాత్రమే. సెన్సర్ వైర్ల మీద అంత కరెంటు లాగితే బాగున్న ఈసీఎం కూడా దెబ్బతింటుంది.

బ్యాటరీ సంగతి అంతకన్నా ముందు చూడాలి. బండి నిలిపి ఉంచినప్పుడు 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా బాగా దిగిపోతుంటే ఈసీఎం ఆ క్షణంలో మూగబోవడంలో వింత లేదు. తర్వాత ఈసీఎంకు కరెంటు వదిలే స్విచ్చు లాంటి మెయిన్ రిలే, ఫ్యూజులు. చేతికి అందే ఈ చోట్లన్నీ చూడటానికి గంట పట్టదు.

ఇక ఐదు వోల్టుల సంగతి. దీన్ని నిదానంగా చెప్పాలి, ఎందుకంటే నిర్దోషి ఈసీఎంలు ఎక్కువగా బలయ్యేది ఇక్కడే. ఈసీఎం తన లోపలి నుంచి సెన్సర్లకు ఐదు వోల్టుల సరఫరా ఇస్తుంది. యాక్సిలరేటర్ పెడల్, డీజిల్ ఒత్తిడిని కొలిచే రైల్ ప్రెషర్ సెన్సర్, గాలి ఒత్తిడి సెన్సర్ వంటివన్నీ దాని మీదే బతుకుతాయి. వీటిలో ఏ ఒక్కటి లోపల షార్ట్ అయినా, ఎలుక కొరికిన వైరు బాడీకి తగిలినా, ఆ సరఫరా మొత్తం కుంగిపోతుంది. అప్పుడు ఒకేసారి ఐదారు సెన్సర్ల కోడ్లు వస్తాయి. కొన్ని బండ్లలో ఈసీఎం స్కానర్‌కు పలకడం కూడా మానేస్తుంది. చూసినవాళ్లు "ఇన్ని సెన్సర్లు ఒకేసారి పోవు కదా, పెట్టే పోయింది" అంటారు. తర్కం సగమే సరైనది. ఏదో ఒక సెన్సర్ దగ్గర మీటరు పెట్టి ఐదు వోల్టులు ఉన్నాయేమో చూడండి. లేకపోతే సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ రండి. ఏది తీయగానే ఐదు వోల్టులు తిరిగి వచ్చాయో, దొంగ అదే. అన్నీ తీసినా, ఆ వైరు ఎక్కడా బాడీకి తగలడం లేదని తేలినా సరఫరా రాకపోతే అప్పుడు ఈసీఎం వైపు వేలు చూపవచ్చు. పి0641, పి0651 అనే కోడ్లు ఈ సరఫరా గురించి చెప్పేవే.

వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక స్టార్ట్ అయ్యే బండి విషయంలో కూడా తొందరపడవద్దు. బోర్డు మీద టంకం పగిలినా ఇలాగే ఉంటుంది, ఇంజిన్ తిరిగే వేగాన్ని ఈసీఎంకు చెప్పే క్రాంక్ సెన్సర్ పాడైనా ఇలాగే ఉంటుంది. సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో ఇంజిన్ వేగం చూడండి. సున్నా దగ్గరే ఉంటే ముందు క్రాంక్ సెన్సర్, దాని వైరు చూడాలి. సెన్సర్ కొత్తది వేసినా తేడా రాకపోతే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఈసీఎం పెట్టెను మాత్రమే జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో మెల్లగా వెచ్చబెట్టి చూస్తారు. అప్పుడు లోపం బయటపడితే అది పెట్టెలోనిదే.

స్కానర్ అసలు పలకకపోతే: స్టీరింగ్ కింద స్కానర్ తగిలించేందుకు ఉండే 16 పిన్నుల ఓబీడీ కప్లర్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు, 4, 5 పిన్నులకు ఎర్త్ ఉండాలి. కొన్ని కార్లలో ఈ కరెంటు సిగరెట్ లైటర్ ఫ్యూజు మీదుగానే వస్తుంది. ఫోను ఛార్జర్ వల్ల ఆ ఫ్యూజు పోయి ఉంటే ఈసీఎంకు ఏ పాపమూ తెలియదు. బ్యాటరీ తీసేసి 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే క్యాన్ వ్యవస్థ (కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్ల దారి) ఉన్న బండ్లలో సాధారణంగా 60 ఓముల దగ్గర రావాలి. 120 వస్తే ఒక కొస తెగింది, సున్నాకు దగ్గరైతే షార్ట్. బ్రేకుల కంప్యూటర్, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ పలుకుతూ, వాటిలో ఇంజిన్ కంప్యూటర్‌తో మాట పోయిందని యు0100 కోడు ఉండి, ఇంజిన్ కంప్యూటర్ ఒక్కటే పలకకపోతే అనుమానం బలపడుతుంది. కరెంటు, ఎర్త్ బల్బు పరీక్షలో నెగ్గాయన్న షరతుతోనే సుమా.

పి0601 నుంచి పి0607 వరకు ఉన్న కోడ్లు ఈసీఎం తన లోపలి లోపం గురించి తానే చెప్పుకునేవి. అయినా బలహీనమైన బ్యాటరీ వల్ల కూడా ఇవి నమోదు కావచ్చు. బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేసి, కోడ్లు చెరిపి, మళ్లీ చూడాలి. వెంటనే తిరిగి వస్తే నిజం. అలాగే ఒక్క ఇంజెక్టర్ లేదా ఒక్క కాయిల్ మాత్రమే పనిచేయక, ఆ భాగమూ దాని వైరూ బాగున్నాయని తేలితే, బోర్డు మీది డ్రైవర్ పోయిందనుకోవచ్చు. కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఒకే గొట్టం) ఉన్న డీజిల్ బండ్ల ఇంజెక్టర్ల జోలికి ఇంట్లో పోవద్దు. ఈసీఎం బ్యాటరీ కరెంటును పెంచి వాటికి 65 వోల్టులకు పైగా పంపుతుంది, రైలులో డీజిల్ ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. ఆ తుంపర చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

"ఇంకో కారు ఈసీఎం పెట్టి చూద్దాం" అనే సలహా మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు. తాళంచెవి సంకేతం కుదరక ఆ పెట్టె ఎలాగూ బండిని స్టార్ట్ కానివ్వదు, కాబట్టి పరీక్ష దేన్నీ రుజువు చేయదు. పైగా మొదటి పెట్టెను కాల్చిన షార్ట్ ఇంకా వైరింగులోనే ఉంటే రెండోదీ కాలుతుంది. అప్పుడు రెండు బండ్లు నిలిచిపోతాయి.

ఎందుకు పోయిందో తెలియాలి

ఈసీఎం దానంతట అదే చెడిపోవడం కన్నా, దాన్ని ఏదో ఒకటి చెడగొట్టడమే నేను ఎక్కువగా చూశాను. నీరు మొదటిది. అద్దం కింద వాన నీరు పోయే దారి ఆకులతో పూడిపోతే నీళ్లు కప్లర్ మీద పడి పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. షార్ట్ అయిన ఇగ్నిషన్ కాయిల్ రెండోది, అది తన డ్రైవర్‌ను కాల్చుతుంది. జంప్ స్టార్ట్‌లో వైర్లు తారుమారు కావడం, బ్యాటరీ తీయకుండా బాడీకి ఆర్క్ వెల్డింగ్ చేయడం కూడా ఉన్నాయి. అన్నిటికన్నా బాధ కలిగించేది ఒక పాత అలవాటు: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి ఆల్టర్నేటర్‌ను పరీక్షించడం. ఆ క్షణంలో వైరింగులోకి పదుల వోల్టులు ఎగదన్నుతాయి. కార్బ్యురేటర్ కాలంలో చెల్లింది, ఇప్పటి బండ్లలో చెల్లదు. కారణం వెతకకుండా వేసిన కొత్త పెట్టెకూ అదే గతి పడుతుంది, రెండోసారి వారంటీ ఇవ్వరు.

మూడు దారులు

రెండోసారి మా బావగారి కారు మూడు సిలిండర్ల మీదే నడవడం మొదలుపెట్టింది. ఇంజెక్టర్ బాగుంది, వైరు బాగుంది, కరెంటు, ఎర్త్ బాగున్నాయి. కప్లర్ విప్పితే రెండు పిన్నులకు చిలుము. వేపాకులు పూడుకుపోయిన చోటు నుంచి నీరు కారిన చార తెల్లగా కనిపించింది. ఈసారి ఈసీఎం నిజంగానే దెబ్బతింది. మాకు చెప్పిన ధరలు ఇవి: కంపెనీ కొత్తది ప్రోగ్రామింగ్‌తో కలిపి నలభై ఆరు వేలు, మూడు వారాల ఎదురుచూపు, మా బోర్డుకే మరమ్మతు తొమ్మిది వేలు, వాడిన పెట్టె తెచ్చి మా జ్ఞాపకాన్ని దానిలోకి ఎక్కించడం పద్నాలుగు వేలు. మీ బండికి అంకెలు వేరుగా ఉంటాయి, నిష్పత్తి ఒక అవగాహన కోసం చెబుతున్నాను.

మేము మరమ్మతు ఎంచుకున్నాం. ప్రాసెసర్ బతికే ఉంది, స్కానర్‌కు పలుకుతోంది, పోయింది ఒక్క డ్రైవర్ భాగమే. బోర్డు మనదే ఉంటే జ్ఞాపకమూ మనదే ఉంటుంది. తాళంచెవులు మళ్లీ నేర్పనక్కరలేదు, ఇంజెక్టర్ కోడ్లు రాయనక్కరలేదు, ఛాసిస్ నంబరు మారదు. డ్రైవర్ చిప్పులు, వోల్టేజి రెగ్యులేటర్, ఉబ్బిన కెపాసిటర్లు, పగిలిన టంకం, కాలిన ఒకటి రెండు దారులు, ఇవి నిపుణుడి చేతిలో బాగుపడే జబ్బులు.

కానీ అన్ని బోర్డులూ మరమ్మతుకు లొంగవు. చాలా పెట్టెల మూత జిగురుతో అతికించి ఉంటుంది. దాన్ని తెరిచే తొందరలోనే బోర్డును విరిచేవాళ్లు ఉన్నారు. కొన్నిటిలో మామూలు బోర్డుకు బదులు పింగాణీ పలక ఉండి, వెంట్రుక కన్నా సన్నని తీగలతో చిప్పులు కలిపి ఉంటాయి. వాటి మీద మామూలు టంకం పనికి రాదు. నీరు చాలా రోజులు నిలిచి, పొరలు పొరలుగా ఉండే బోర్డు లోపలికి చిలుము పాకితే ఈ రోజు బాగు చేసినది వచ్చే వానాకాలానికి మళ్లీ మొరాయిస్తుంది. మరమ్మతు చేసేవాళ్లు పెట్టె తెరిచాక ఫొటోలు చూపించమని అడగండి. ఏ భాగం పోయిందో పేరు పెట్టి చెప్పగలిగినవారికే పని ఇవ్వండి. "సాఫ్ట్‌వేర్ పోయింది, సరిచేశాం" అని మాత్రమే చెప్పి బోర్డు చూపించనివారి దగ్గర నుంచి నేనైతే పెట్టె వెనక్కి తీసుకుంటాను.

కంపెనీ కొత్తది తీసుకుంటే సరైన భాగం, కొత్త సాఫ్ట్‌వేర్, రాతపూర్వక వారంటీ దొరుకుతాయి. మనశ్శాంతి కావాలంటే ఇదే దారి, డబ్బు ఉంటే తప్పుపట్టను. అయితే రెండు సంగతులు తెలిసి ఉండాలి. కొత్త పెట్టె సాధారణంగా ఖాళీగా వస్తుంది. ఛాసిస్ నంబరు ఆధారంగా ప్రోగ్రాము ఎక్కించి, తాళంచెవులు నేర్పించి, డీజిల్ అయితే ఒక్కో ఇంజెక్టర్ తల మీద ఉన్న కోడు చూసి రాయాలి. ఇది బిల్లులో కలిసిందా, విడిగా వేస్తారా అని ముందే అడగండి. రెండోది ఇంకా ముఖ్యం: ఒకసారి మీ బండికి రాసేశాక దాన్ని సాధారణంగా వెనక్కి తీసుకోరు. అసలు లోపం వైరింగులోనే ఉందని తర్వాత తేలితే ఆ నష్టమంతా మీదే. కాబట్టి కొత్తది కొనేవారికే పైన చెప్పిన పరీక్షలు ఎక్కువ అవసరం.

మూడోది, వాడిన పెట్టెలోకి జ్ఞాపకం మార్చడం. దీన్ని క్లోనింగ్ అంటారు. పాత ఈసీఎంలోని ప్రోగ్రామునూ, బండి వివరాలు ఉండే చిన్న మెమరీ చిప్పునూ చదివి, అదే రకం పెట్టెలోకి ఉన్నదున్నట్టు రాస్తారు. పని సరిగ్గా జరిగితే కప్లర్ బిగించగానే పాత తాళంచెవితోనే బండి స్టార్ట్ అవుతుంది. షరతులు రెండు. మీ పాత ప్రాసెసర్ చదవగలిగే స్థితిలో ఉండాలి. తెచ్చే పెట్టె హార్డ్‌వేర్ నంబరు మీదానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కారు ఒకటే, ఇంజిన్ ఒకటే అన్నది చాలదు. ఒకే మోడల్‌లో ఏడాది మారితే పెట్టె మారుతుంది. బాష్ కంపెనీ పెట్టెల మీద 0281తో మొదలయ్యే సంఖ్య డీజిల్‌ది, 0261తో మొదలయ్యేది పెట్రోల్‌ది. మిగిలిన అంకెలన్నీ కూడా కలిస్తేనే డబ్బు ఇవ్వండి.

ఆ పెట్టె ఎక్కడి నుంచి వచ్చిందన్నది నన్ను ఎప్పుడూ కలవరపెట్టే ప్రశ్న. ఢిల్లీ మాయాపురి, చెన్నై పుదుపేట వంటి పాత సామాను బజార్ల నుంచి ఇవి ఊరూరికీ చేరతాయి. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు లెక్కలేనన్ని బండ్లు నీళ్లలో నానాయి. అలాంటి బండ్ల భాగాలు కూడా ఇదే దారిలో బజారుకు చేరగలవు. పిన్నుల మొదట్లో తెలుపు, పచ్చ పొడి ఉందా, లేబులు అంచులు నీటి చారతో ఉబ్బాయా, మూత సందుల్లో సన్నటి ఒండ్రు ఉందా చూడండి. బిల్లు లేకుండా కొనవద్దు, దొంగిలించిన బండి భాగం కాదని చెప్పుకోవడానికి మీ దగ్గర ఉండే ఆధారం అదొక్కటే.

పాత పెట్టె చదవలేకపోతే కొందరు ఇంకో మాట చెబుతారు: "తాళంచెవి కాపలా తీసేస్తాం, ఏ చెవితోనైనా స్టార్ట్ అవుతుంది." ఒప్పుకోవద్దు. చెవిలో చిప్పు లేకుండా నడిచే కారు దొంగకు తెరిచిన తలుపే. బండి పోయాక బీమా సంస్థ తాళంచెవుల గురించి అడిగినప్పుడు మీరు ఇచ్చే జవాబు మీకే ఎదురు తిరగవచ్చు. కాపలాను ఉంచుతూనే పెట్టెను ఖాళీ చేసి, మీ బండికి కొత్తగా నేర్పే పద్ధతి చాలా మోడళ్లకు ఉంది. ఖర్చు కాస్త ఎక్కువైనా అదే అడగండి.

ఏ బండికి ఏది

వారంటీలో ఉన్న బండి అయితే ఎవరినీ పెట్టె తెరవనివ్వకండి, నేరుగా కంపెనీకి వెళ్లండి. అమెరికాలో ఉన్న మన వాళ్లకు ఒక మాట: అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం కార్లలో ఉద్గారాలను నియంత్రించే ఎలక్ట్రానిక్ యూనిట్‌కు 8 ఏళ్లు లేదా 80,000 మైళ్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఉంటుంది. మామూలు వారంటీ ముగిసిందని డీలర్‌కు డబ్బు కట్టే ముందు వారంటీ పుస్తకం తీసి చూడండి.

ఐదు నుంచి పన్నెండేళ్ల మధ్య వయసున్న, 2020కి ముందరి కార్లకు, ప్రాసెసర్ బతికి ఉంటే, నా ఓటు మరమ్మతుకే. కుదరకపోతే క్లోనింగ్. ప్రాసెసరే పోతే క్లోనింగ్ దారి మూసుకుపోతుంది. అప్పుడు బండి విలువతో పోల్చి కొత్తదా, నేర్పించిన పాతదా అని తేల్చుకోవాలి. మూడు లక్షలు పలికే కారులో అరలక్ష పెట్టడం కొందరికి న్యాయమే, ఎందుకంటే మిగతా బండి బాగుంటే దాన్ని అమ్మి ఇంకోటి కొనడానికి అయ్యే ఖర్చు అంతకన్నా ఎక్కువ.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 కాలుష్య ప్రమాణం డీజిల్ బండ్ల దగ్గర నేను అభిప్రాయం మార్చుకుంటాను. వాటిలో పొగ వడపోత డబ్బాలో ఎంత మసి పేరుకుందో, కొన్నిటిలో యూరియా ద్రవం ఎంత చిమ్మాలో కూడా ఈసీఎం లెక్క పెడుతుంది. జ్ఞాపకం మారితే నిండిన డబ్బాను అది ఖాళీ అనుకుంటుంది, ఆ పొరపాటు డబ్బా ధరతో తీరుతుంది. ఈ లెక్కలను కొత్త పెట్టెలోకి సరిగ్గా మార్చే సాధనాలు కంపెనీ దగ్గర ఉన్నంత నమ్మకంగా బయట తక్కువచోట్ల ఉన్నాయి. మరమ్మతుకు కుదరకపోతే కొత్తదే మేలు.

రోజు తిరిగితేనే రాబడి ఉండే ట్యాక్సీ, లారీల వారికి ధర కన్నా రోజులే ముఖ్యం. మూడు వారాల నిరీక్షణలో పోయే కిరాయిని కొత్త పెట్టె ధరకు కలిపి చూస్తే లెక్క తిరగబడుతుంది. మోటారు సైకిళ్లు, స్కూటర్ల సంగతి తేలిక. బీఎస్ 6 వచ్చాక చాలావరకు వాటికీ ఈసీఎంలు వచ్చాయి కానీ చిన్న పెట్టెను జిగురుతో నింపేస్తారు కాబట్టి మరమ్మతు కుదరదు. కొత్తదే వేయించండి.

బీమా గురించి క్లుప్తంగా. మామూలు వాహన బీమా దానంతట చెడిపోయిన విద్యుత్ భాగాలకు డబ్బు ఇవ్వదు. వరద వల్ల పోతే ఇస్తుంది, అయితే బండి వయసును బట్టి తరుగుదల కోస్తుంది. ఐదేళ్లు దాటి పదేళ్లలోపు బండికి సాధారణంగా అది 40 శాతం. తరుగుదల లేని అదనపు పాలసీ ఉంటే ఆ కోత ఉండదు. మునిగిన కారును స్టార్ట్ చేయవద్దు, తాళం కూడా తిప్పవద్దు, బ్యాటరీ తీసేయండి. సర్వేయరు వచ్చినప్పుడు ఈసీఎం కప్లర్లు విప్పి చూపించి, ఫొటోలు నివేదికలో చేర్చమనండి. చిలుము ప్రభావం వారాల తర్వాత బయటపడుతుంది, అప్పటికి క్లెయిమ్ మూసేసి ఉంటారు.

పెట్టె వారి చేతికి ఇచ్చేటప్పుడు

లేబులు మీద ఉన్న అంకెలన్నీ ఫొటో తీసుకోండి. మూత మీద మీకు మాత్రమే తెలిసే చిన్న గుర్తు గీసి పెట్టండి. ఏ పనీ మొదలుపెట్టక ముందే జ్ఞాపకం మొత్తం చదివి, ఆ ఫైళ్ల నకలు మీ పెన్ డ్రైవ్‌లో వేసి ఇవ్వమని అడగండి. చాలామంది ఇస్తారు, అడిగేవాళ్లే తక్కువ. మరమ్మతులో చెయ్యి జారి ప్రాసెసర్ పోయినా ఆ నకలు ఉంటే క్లోనింగ్ దారి తెరిచే ఉంటుంది. ఏ దారి ఎంచుకున్నా పాత పెట్టెను గ్యారేజీలో వదిలి రావద్దు. చెత్త అని వాళ్లు పక్కన పెట్టేదానిలోనే మీ తాళంచెవి రహస్యం ఉంది.

బండి మీదే ప్రోగ్రామింగ్ చేస్తుంటే, ఆ సమయమంతా బ్యాటరీకి నిలకడైన సరఫరా తగిలించి ఉందో లేదో మీరే చూడండి. మధ్యలో వోల్టేజి పడిపోతే సగం రాసిన పెట్టె అక్కడే మూగబోతుంది. పని అయ్యాక స్కానర్‌లో ఛాసిస్ నంబరు చదివించి ఆర్సీతో పోల్చండి. ఇంజెక్టర్ కోడ్లు నాలుగూ ఇంజిన్ మీద ఉన్నవాటితో కలుస్తున్నాయా చూడండి. రెండు తాళంచెవులతోనూ స్టార్ట్ చేయండి. తర్వాత ఏసీ వేసి, ఎండలో నలభై నిమిషాలు నడిపి, ఆపి, వేడి మీదే మళ్లీ స్టార్ట్ చేసి చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి. మా బావగారి కారు గ్యారేజీ ముందు చల్లగా ఉన్నప్పుడు మూడుసార్లు బాగానే అందుకుంది. వేడెక్కాక నాలుగోసారి మళ్లీ మూడు సిలిండర్ల మీదకు వచ్చింది. వెనక్కి తీసుకెళితే రెండో పిన్నుకు మిగిలిన చిలుము దొరికింది. పిన్ను మార్చి, కప్లర్ వెనక కొత్త రబ్బరు వేసి, వేపాకులు పూడుకునే ఆ గొట్టాన్ని కడిగి ఇచ్చారు. ఇప్పుడు ప్రతి జూన్ మొదటి ఆదివారం మా మేనల్లుడు ఆ గొట్టంలో చెంబుడు నీళ్లు పోసి, కింద నుంచి ఎంతసేపట్లో బయటికి వస్తున్నాయో చూస్తున్నాడు.